అట్లాంటిస్ ఎక్కడ? ఇరమ్ ఎక్కడ?

ఇటీవల బంధువుల ఇంట వలీమా విందుకు వెళ్ళాం. భోజనాలయ్యాక పెద్దలూ పిల్లలూ ఒకచోట చేరి కబుర్లలో పడ్డారు. ఇంటర్మీడియెట్ చదువుతున్న ఒక అబ్బాయి తన ఫోన్‌లో ఒక వీడియో చూపించాడు. ఆఫ్రికా ఎడారి మధ్యలో, ఆకాశం నుండి చూస్తే పెద్ద కన్నులా కనిపించే ఒక ప్రదేశం అది. "సముద్రంలో మునిగిపోయిన అట్లాంటిస్ ఇదేనట చాచా!" అన్నాడు.

పక్కనే కూర్చున్న వాళ్ళ దాదా కూడా తన ఫోన్ తీశారు. ఇసుక గోతిలో పడివున్న ఒక అస్థిపంజరం బొమ్మ చూపించారు. దాని పుర్రె దగ్గర వంగి పనిచేస్తున్న మనిషి చీమంత ఉన్నాడు. "ఇది ఆద్ జాతి వాళ్ళది. అరేబియాలో గ్యాస్ కోసం తవ్వుతుంటే బయటపడింది. అల్లాహ్ మాట నిజమని లోకానికి తెలిసింది" అన్నారాయన. ఆ మాట అంటున్నప్పుడు ఆయన గొంతు కొద్దిగా వణికింది. అబ్బాయి ఆ బొమ్మను చూశాడు, తన వీడియోను చూశాడు, చివరికి మా వైపు తిరిగి, "చాచా, ఈ రెండింటిలో ఏది నిజం?" అని అడిగాడు.

అందరి ముందూ పెద్దాయన మనసు నొప్పించడం ఇష్టంలేక ఆ రోజు మాట దాటవేశాం. కానీ ఆ ప్రశ్న మమ్మల్ని వదల్లేదు. అది ఆ ఒక్క ఇంటి ప్రశ్న కాదు. ఇవాళ మన ఇళ్ళన్నిటిలోనూ తాతల ఫోన్లలో, మనవల ఫోన్లలో ఇలాంటి కథలు తిరుగుతున్నాయి. కాబట్టి నీట మునిగిందన్న అట్లాంటిస్ గురించీ, ఇసుకలో కలిసిందన్న ఇరమ్ గురించీ పరిశోధకులు ఇంతవరకూ ఏం చెప్పారో తీరిగ్గా తెలుసుకుందాం.

ప్లేటో చెప్పిన కథ

అట్లాంటిస్ గురించి లోకంలో ఎన్ని పుస్తకాలు వచ్చినా, ఎన్ని సినిమాలు వచ్చినా వాటన్నిటికీ మూలం ఒక్కటే. గ్రీకు తత్వవేత్త ప్లేటో క్రీ.పూ. 360 ప్రాంతంలో రాసిన తిమేయస్, క్రిటియస్ అనే రెండు సంభాషణలు తప్ప ఆ రాజ్యం గురించి చెప్పే ప్రాచీన ఆధారం మరొకటి లేదు. తరువాతి వారంతా ఆయన చెప్పినదాన్నే పట్టుకుని రాశారు.

ప్లేటో కథనం ఇలా సాగుతుంది. ఏథెన్సుకు శాసనాలు చేసిన సోలోన్ అనే పెద్దమనిషి ఈజిప్టు వెళ్ళాడు. అక్కడ సాయిస్ నగరంలో ఒక పూజారి అతనికి పాత కథ ఒకటి చెప్పాడు. అప్పటికి 9000 ఏళ్ళ క్రితం, హెర్క్యులిస్ స్తంభాలకు ఆవల మహాసముద్రంలో ఒక పెద్ద దీవి ఉండేది. దాని రాజధాని చుట్టూ వలయాలుగా మూడు నీటి కందకాలు, వాటి మధ్య రెండు నేల వలయాలు ఉండేవి. నడుమ రాజప్రాసాదం, సముద్రదేవుడి ఆలయం. ఆ నగరాన్ని ఆనుకుని సుమారు 540 కిలోమీటర్ల పొడవు, 360 కిలోమీటర్ల వెడల్పుగల మైదానం. దీవిని పదిమంది రాజులు పాలించేవారు. మొదట ధర్మంగా ఉన్న ఆ ప్రజలు సంపద పెరిగేకొద్దీ అహంకారులై ఇతర దేశాల మీద పడ్డారు. చిన్న ఏథెన్సు వారిని ఎదిరించి గెలిచింది. ఆ తరువాత భయంకరమైన భూకంపాలు, వరదలు వచ్చి ఒక్క పగలు, ఒక్క రాత్రిలో ఆ దీవి సముద్రంలో కలిసిపోయింది.

హెర్క్యులిస్ స్తంభాలంటే మధ్యధరా సముద్రం అట్లాంటిక్‌లో కలిసే జలసంధి. అక్కడి కొండను మన చరిత్ర మరో పేరుతో ఎరుగును. క్రీ.శ. 711లో తారిఖ్ బిన్ జియాద్ తన సైన్యంతో దిగిన ఆ కొండ జబల్ తారిఖ్ అయింది. యూరపు వారి నోట అదే జిబ్రాల్టర్‌గా మారింది.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. క్రిటియస్ పుస్తకం పూర్తికాలేదు. దేవతల సభలో పెద్దదేవుడు మాట్లాడబోతున్న చోట వాక్యం మధ్యలోనే ఆగిపోయింది. పైగా ప్లేటో ఈ కథను చరిత్ర పాఠంగా చెప్పలేదు. ఆదర్శ రాజ్యం ఎలా ఉండాలి, అహంకారం రాజ్యాలను ఎలా కూలుస్తుంది అనే చర్చలో భాగంగా చెప్పాడు. 9000 ఏళ్ళ క్రితం ఏథెన్సు అనే నగరమే లేదని, అప్పటికి అక్కడ లిపి గానీ లోహాల వాడకం గానీ లేవని పురావస్తు శాస్త్రం తేల్చింది. అందుకే పండితుల్లో అత్యధికులు అట్లాంటిస్‌ను ప్లేటో అల్లిన నీతికథగానే భావిస్తారు. అయినా దాని చిరునామా కోసం వెతుకులాట ఆగలేదు.

ఎవరి దేశంలో వారికే దొరికింది

17వ శతాబ్దంలో కిర్చర్ అనే జర్మన్ పండితుడు స్పెయిన్‌కూ అమెరికాకూ మధ్య సముద్రంలో ఒక పెద్ద దీవిని గీసి, దానికి అట్లాంటిస్ అని పేరు పెట్టి పటం అచ్చువేశాడు. అదే శతాబ్దంలో స్వీడన్ దేశపు రుడ్‌బెక్ అనే ఆచార్యుడు అట్లాంటిస్ అంటే తమ స్వీడన్ దేశమేనని పెద్ద పెద్ద సంపుటాలు రాశాడు. ఎవరు వెతికితే వారి పెరట్లోనే ఆ రాజ్యం దొరకడం ఈ కథలో మొదటినుండీ ఉన్న విచిత్రం.

1882లో అమెరికా రాజకీయ నాయకుడు ఇగ్నేషియస్ డొనెల్లీ రాసిన పుస్తకంతో ఈ వెర్రి లోకమంతా పాకింది. ఈజిప్టులో పిరమిడ్లున్నాయి, మెక్సికోలోనూ ఉన్నాయి, కాబట్టి రెండు ప్రాంతాలకూ నాగరికత నేర్పిన ఒక ఖండం అట్లాంటిక్ మధ్యలో మునిగివుండాలి అన్నది ఆయన వాదం. వినడానికి బాగానే ఉంటుంది. కానీ ఈజిప్టు పిరమిడ్లకూ మెక్సికో పిరమిడ్లకూ మధ్య రెండువేల ఏళ్ళకు పైగా తేడా ఉంది. అవి కట్టిన తీరు వేరు, వాటి ప్రయోజనం వేరు. రాళ్ళను ఎత్తుగా పేర్చాలంటే అడుగున వెడల్పుగా, పైన సన్నగా పేర్చక తప్పదు. ఆ సంగతి ఒకరు మరొకరికి నేర్పనక్కర్లేదు.

డొనెల్లీ వాదానికి అసలు దెబ్బ సముద్రం అడుగునుండే తగిలింది. 1950లలో మేరీ థార్ప్, బ్రూస్ హీజెన్ అనే శాస్త్రవేత్తలు ధ్వని తరంగాలతో కొలిచిన లోతులను బట్టి అట్లాంటిక్ అడుగు పటాన్ని తయారుచేశారు. ఉత్తరం నుండి దక్షిణం దాకా సముద్రం మధ్యలో ఒక పర్వతశ్రేణి ఉన్నట్టు అందులో కనిపించింది. అది మునిగిన ఖండం కాదు. భూమి లోపలి నుండి కరిగిన రాయి పైకి వచ్చి కొత్త నేలగా గడ్డకట్టే చోటు. అక్కడి నుండి సముద్రపు అడుగు ఏడాదికి రెండు మూడు సెంటీమీటర్ల చొప్పున రెండు వైపులకూ విస్తరిస్తోంది. యూరపు, అమెరికా ఖండాలను వెనక్కి జరిపి దగ్గర చేర్చితే వాటి అంచులు దాదాపు అతుక్కుంటాయి. మధ్యలో మరో ఖండానికి చోటే మిగలదు.

అగ్నిపర్వతం మింగిన దీవి

అన్ని సిద్ధాంతాల్లోకీ కాస్త బలమున్నది గ్రీసు దక్షిణాన ఉన్న సాంతోరిని దీవి సిద్ధాంతం. క్రీ.పూ. 1600 ప్రాంతంలో ఆ దీవిలోని అగ్నిపర్వతం బద్దలైంది. దీవి మధ్యభాగం కుంగిపోయి సముద్రం లోపలికి వచ్చింది. ఇవాళ పటంలో చూస్తే ఆ దీవి విరిగిన గాజులా వంపు తిరిగి కనిపిస్తుంది. దక్షిణంగా ఉన్న క్రీట్ దీవిలో ఆ రోజుల్లోనే మినోవన్లనే గొప్ప నాగరికులు ఉండేవారు. 1900 నుండి ఆర్థర్ ఇవాన్స్ అక్కడ క్నోసస్ రాజప్రాసాదాన్ని తవ్వి తీశాడు. ఆ తవ్వకాలు చూశాకే, ప్లేటో కథ మినోవన్ల జ్ఞాపకం కావచ్చునని కె.టి. ఫ్రాస్ట్ అనే పండితుడు 1909లో సూచించాడు.

గ్రీకు పురావస్తు శాస్త్రవేత్త స్పిరిడాన్ మారినాటోస్ 1939లో మరో అడుగు ముందుకు వేశారు. సాంతోరిని పేలుడే మినోవన్ల పతనానికి కారణమన్నారు. 1967లో ఆయన అదే దీవిలో అక్రోతిరి వద్ద తవ్వకాలు మొదలుపెట్టారు. బూడిద కింద రెండు మూడు అంతస్తుల ఇళ్ళు, మురుగు కాలువలు, రంగురంగుల గోడచిత్రాలు బయటపడ్డాయి. కానీ మనుషుల కళేబరాలు దొరకలేదు. ముందుగా వచ్చిన భూకంపాలకు భయపడి ప్రజలు ఊరు విడిచిపోయారని దీన్నిబట్టి తెలుస్తోంది. మారినాటోస్ 1974లో ఆ తవ్వకాల స్థలంలోనే కన్నుమూశారు.

మరి అట్లాంటిస్ ఇదేనా? కథతో పోల్చి చూస్తే చాలా లెక్కలు కుదరవు. ప్లేటో చెప్పిన దీవి జిబ్రాల్టర్‌కు ఆవల ఉంది, సాంతోరిని ఈవల ఉంది. ఆయన చెప్పిన కాలం 9000 ఏళ్ళు, పేలుడు సోలోన్‌కు ఇంచుమించు 1000 ఏళ్ళ ముందు జరిగింది. ఈజిప్టు అంకెలు చదవడంలో ఎవరో పొరబడి 900ను 9000 చేశారని గ్రీకు శాస్త్రవేత్త గలనోపౌలోస్ సర్దిచెప్పారు. కానీ ఒక కథలో కాలమూ మార్చి, చోటూ మార్చి, పరిమాణమూ మార్చాక మిగిలేది ఆ కథేనా? పైగా పేలుడు జరిగిన తరువాత కూడా క్రీట్‌లో జీవనం చాలాకాలం సాగిందని అక్కడి కుండ పెంకులే సాక్ష్యమిస్తున్నాయి.

స్పెయిన్, బహామా, సహారా

జర్మన్ చరిత్రకారుడు షుల్టెన్ 1922లో మరో చోటు చూపించారు. స్పెయిన్ దక్షిణాన గ్వాదల్‌కివిర్ నది సముద్రంలో కలిసే చోట పూర్వం టార్టెసస్ అనే సంపన్న రాజ్యం ఉండేది. అదే అట్లాంటిస్ అన్నారాయన. ఆ నది పేరులోనూ అరబీ దాగి ఉంది. వాదీ అల్ కబీర్, అంటే పెద్ద నది. 2011లో అక్కడి బురద నేలల్లో అట్లాంటిస్ దొరికిందని ఒక టెలివిజన్ చిత్రం కూడా వచ్చింది. అక్కడ ఏళ్ళ తరబడి పరిశోధిస్తున్న స్పెయిన్ శాస్త్రవేత్తలు మాత్రం ఆ మాట ఒప్పుకోలేదు. టార్టెసస్ నిజంగా ఉన్న నాగరికతే. కానీ అది క్రీ.పూ. మొదటి సహస్రాబ్దికి చెందినది.

అమెరికా పక్కనున్న బహామా దీవుల కథ ఇంకా వింతైనది. ఎడ్గార్ కేసీ అనే సోదెగాడు 1968, 69 ప్రాంతంలో అట్లాంటిస్ మళ్ళీ పైకి లేస్తుందని 1940లో చెప్పాడు. సరిగ్గా 1968లో బిమినీ దీవి దగ్గర నీటి అడుగున, రోడ్డు పరిచినట్టు అర మైలు పొడవున రాళ్ళ వరుస కనిపించింది. ఇక నమ్మేవారికి కొదవేముంది? భూగర్భ శాస్త్రవేత్త యూజీన్ షిన్ ఆ రాళ్ళలోకి రంధ్రాలు వేసి లోపలి పొరలు పరీక్షించారు. ఒక రాతిలోని పొర పక్క రాతిలోకి, అక్కడినుండి ఆ పక్క దానిలోకి కొనసాగుతోంది. మనుషులు తెచ్చి పేర్చిన రాళ్ళయితే పొరలు అలా కలవవు. తీరంలో ఇసుక, గవ్వలు సున్నంతో గట్టిపడి రాయిగా మారి, తరువాత పగుళ్ళిచ్చిన సహజ శిల అది.

ఇక మన అబ్బాయి చూపించిన కన్ను. అది ఆఫ్రికాలో మారిటానియా దేశంలోని రిషాత్ అనే ప్రదేశం. సుమారు 40 కిలోమీటర్ల అడ్డుకొలతతో వలయాలు వలయాలుగా ఉంటుంది. ప్లేటో చెప్పిన వలయాలు ఇవేనని 2018 నుండి ఇంటర్నెట్‌లో బాగా ప్రచారమైంది. భూమి లోపలినుండి శిలాద్రవం తన్నుకురావడంతో నేల బోర్లించిన గిన్నెలా ఉబ్బి, ఆ ఉబ్బు కోట్ల ఏళ్ళుగా గాలికీ నీటికీ అరిగిపోతే మెత్తని రాయి పోయి గట్టి రాయి వలయాలుగా మిగిలింది. ఉల్లిపాయను పైన కోస్తే చుట్లు కనిపించినట్టే ఇదీను. ఆ చోటు సముద్రమట్టానికి సుమారు 400 మీటర్ల ఎత్తున ఉంది. మనుషులు నగరాలు కట్టుకున్న కాలంలో సముద్రం అక్కడికి చేరిన ఆనవాలు లేదు. ప్లేటో చెప్పిన నగరం నడుమ దీవి కిలోమీటరు లోపే, ఈ కన్నేమో దానికి నలభై రెట్లు. అక్కడ ఆదిమానవుల రాతి పనిముట్లు దొరికాయి గానీ ఒక్క గోడ దొరకలేదు.

నిజంగా మునిగినవి

అయితే భూమి మునగడం ఒట్టి కథేనా? కాదు. క్రీ.పూ. 373 శీతాకాలంలో ఒక రాత్రి గ్రీసులోని హెలికే అనే నగరం భూకంపానికి కూలి, వెనువెంటనే ఉప్పొంగిన నీట మునిగిపోయింది. అప్పటికి ప్లేటో బతికే ఉన్నాడు. ఆయన అట్లాంటిస్ కథ రాసింది ఆ తరువాతే. కట్సోనోపౌలౌ అనే పరిశోధకురాలు, సోటర్ అనే శాస్త్రవేత్త ఏళ్ళ తరబడి వెతికి 2001లో ఆ నగరం ఆనవాళ్ళు కనుగొన్నారు. వింతేమంటే అవి సముద్రం అడుగున దొరకలేదు. నదులు తెచ్చిన ఒండ్రు కింద, తీరానికి ఇవతల నేలలో దొరికాయి. ఈ దుర్ఘటనే ప్లేటో కలానికి ప్రేరణ అయివుండవచ్చునని పలువురి ఊహ.

అంతకంటే పెద్ద మునక మంచుయుగం ముగిసినప్పుడు జరిగింది. సుమారు 20,000 ఏళ్ళ క్రితం సముద్రమట్టం ఇప్పటికంటే దాదాపు 120 మీటర్లు కిందకు ఉండేది. మంచు కరిగేకొద్దీ నీరు పైకి వచ్చింది. బ్రిటన్‌కూ డెన్మార్కుకూ మధ్య నేల ఉండేది. 1931లో ఒక చేపల పడవ వలలో, సముద్రం అడుగునుండి వచ్చిన మట్టిగడ్డలో కొమ్ముతో చేసిన ఈటెమొన దొరకడంతో అక్కడ మనుషులు తిరిగారని తెలిసింది.

మన పాఠకులకు ఇంకా దగ్గరి ఉదాహరణ ఉంది. నిజామాబాద్, కరీంనగర్, కడప జిల్లాల నుండి వేల కుటుంబాల బిడ్డలు పొట్టకూటికి వెళ్ళే గల్ఫ్ తీరాలు మనకు తెలియనివి కావు. ఆ గల్ఫ్ సముద్రం సగటు లోతు 50 మీటర్లు దాటదు. మంచుయుగంలో అది సముద్రమే కాదు, నదులు పారిన లోయ. కొన్ని వేల ఏళ్ళపాటు మెల్లమెల్లగా నీరు చేరి ఇప్పటి గల్ఫ్ అయింది. ఇవాళ ఓడలు తిరిగే చోట ఒకప్పుడు మనుషులు నడిచి ఉంటారు.

నేలా సముద్రమూ చోట్లు మార్చుకుంటాయన్న సంగతి మన పండితులు ఏనాడో గ్రహించారు. అరేబియా ఎడారిలో బావులు తవ్వితే గవ్వలు బయటపడుతున్నాయని, కాబట్టి అది ఒకప్పుడు సముద్రమై ఉండాలని అల్ బీరూనీ వెయ్యేళ్ళ క్రితం, 1025 నాటి తన గ్రంథంలో రాశారు. ఆయన చూసింది గవ్వను, అడిగింది అది అక్కడికెలా వచ్చిందని. శాస్త్రమంటే అదే.

ఒక్క రాత్రి సముద్రం ఏం చేయగలదో తెలుగువారికి వేరే చెప్పనక్కర్లేదు. 1977 నవంబరు 19న దివిసీమలో ఉప్పెన ఊళ్ళకు ఊళ్ళనే తుడిచిపెట్టింది. వేలమంది చనిపోయారు. కానీ నీరు తీసింది, నేల మిగిలింది. సముద్రం ఒక రాత్రిలో ఊరిని మింగగలదు, నగరాన్నీ మింగగలదు. ఖండాన్ని మాత్రం మింగలేదు. నిజానికీ కథకూ మధ్య గీత అక్కడే ఉంది.

ఇసుకలోని అట్లాంటిస్

ఇప్పుడు దాదా చూపించిన బొమ్మ దగ్గరికి వద్దాం. ఆద్ జాతి గురించి, వారి వద్దకు వచ్చిన ప్రవక్త హజ్రత్ హూద్ (అలైహిస్సలాం) గురించి దివ్యఖుర్‌ఆన్‌లో పలుచోట్ల ప్రస్తావన ఉంది. వారు అహ్‌ఖాఫ్, అంటే ఇసుక తిన్నెల ప్రాంతంలో నివసించారు. బలాన్ని చూసుకుని గర్వించారు. ఏడు రాత్రులు, ఎనిమిది పగళ్ళు వీచిన ప్రచండమైన గాలికి నాశనమయ్యారు. ఇరమ్ అనే పేరు ఒకే ఒక చోట, ఫజ్ర్ సూరాలో వస్తుంది.

ఆ ఒక్క ప్రస్తావన చుట్టూ తరువాతి కాలంలో కథలు అల్లుకున్నాయి. షద్దాద్ అనే రాజు స్వర్గానికి పోటీగా ఎడారిలో బంగారు, వెండి ఇటుకలతో, రత్నాల స్తంభాలతో 300 ఏళ్ళపాటు నగరం కట్టాడని, తప్పిపోయిన ఒంటెలను వెతుక్కుంటూ ఒకాయన అనుకోకుండా అందులోకి వెళ్ళివచ్చాడని చెప్పుకున్నారు. వెయ్యిన్నొక్క రాత్రుల కథల్లోనూ అది చేరింది. మన నానీలు, దాదీలు చెప్పిన షద్దాద్ జన్నత్ కథ ఇదే.

ఈ కథను మొదట నిలదీసింది ఎవరో తెలుసా? పాశ్చాత్యులు కాదు. ట్యునీషియాలో పుట్టిన మహా చరిత్రకారుడు ఇబ్న్ ఖల్దూన్. 1377లో రాసిన ముఖద్దిమాలో ఆయన ఈ కథను ఉదాహరణగా తీసుకుని, చరిత్ర రాసేవారు ఎక్కడ పొరబడతారో చూపించారు. ఏడెన్ ఎడారుల్లో ఆ నగరం ఇప్పటికీ ఉందంటున్నారే, ఆ దారులన్నీ బాటసారులు నిత్యం తిరిగేవే కదా, ఒక్కరైనా చూసినట్టు ఎందుకు చెప్పలేదని అడిగారు. అది శిథిలమైపోయిందన్నా కొంత నమ్మవచ్చునని, అలా కాక ఇంకా ఉంది గానీ మామూలు కళ్ళకు కనిపించదనడం కట్టుకథేనని తేల్చారు. ఆయన పెట్టిన వేలు మరీ సూటిగా ఉంది. ఖుర్‌ఆన్‌లోని ఇమాద్ అన్న మాటకు గుడారపు గుంజలు అనే అర్థం కూడా ఉంది. దాన్ని భవనాల స్తంభాలుగా తీసుకున్న కొందరు వ్యాఖ్యాతలు, ఆ స్తంభాలకు తగ్గ నగరం కోసం కథకుల మాటలను ఆశ్రయించారని ఆయన వివరించారు. దైవవాక్యాన్ని ఆయన కాదనలేదు. దాని మీద మనుషులు పూసిన పూతను గీకి చూపించారు.

ఉబార్ వేట

20వ శతాబ్దంలో వేట మళ్ళీ మొదలైంది. 1930, 31లలో రుబ్‌ఉల్ ఖాలీ ఎడారిని దాటిన బ్రిటిష్ యాత్రికుడు బెర్‌ట్రమ్ థామస్‌కు బదూ వారు ఇసుకలో పాత బాటలు చూపించి, అవి ఉబార్ నగరానికి పోయే దారులన్నారు. 1932లో ఫిల్బీ అనే మరో యాత్రికుడు ఆ నగరాన్ని వెతుకుతూ వెళితే ఉల్క పడిన గుంటలు కనిపించాయి. ఆ ఎడారి కోటకు ఇసుకలోని అట్లాంటిస్ అనే పేరు అలా స్థిరపడింది.

1984లో చాలెంజర్ అంతరిక్ష నౌక నుండి తీసిన రాడార్ చిత్రాలను, తరువాతి ఉపగ్రహ చిత్రాలను నాసా శాస్త్రవేత్తలు పరిశీలించారు. చిత్ర నిర్మాత నికొలస్ క్లాప్ పట్టుదలతో బయలుదేరిన బృందం ఆ చిత్రాల్లోని బాటలు పట్టుకుని ఒమన్‌లోని షిస్ర్ అనే చిన్న ఊరు చేరింది. పురావస్తు శాస్త్రవేత్త జూరిస్ జారిన్స్ ఆధ్వర్యంలో తవ్వితే బురుజులున్న పాత కోట గోడలు బయటపడ్డాయి. సాంబ్రాణి మోసే ఒంటెల బిడారులు ఆగి నీళ్ళు తాగే మజిలీ అది. కింద ఉన్న సున్నపురాతి గుహ కూలి కోటలో కొంత భాగం గోతిలోకి కుంగింది. 1992 ఫిబ్రవరిలో ఈ వార్త ప్రపంచ పత్రికల్లో మొదటి పేజీకి ఎక్కింది. ఇరమ్ దొరికిందని మన సమాజంలోనూ ఎందరో సంతోషించారు.

అయితే తవ్విన జారిన్స్ గారే తరువాత మాట సవరించుకున్నారు. ఉబార్ అనేది ఒక నగరం పేరు కాదని, ఒక ప్రాంతం, అక్కడి ప్రజల పేరు అయివుంటుందని 1996లో ఒక ఇంటర్వ్యూలో చెప్పారు. షిస్ర్ ఇవాళ ఒమన్ సాంబ్రాణి భూమిలో భాగంగా 2000 నుండి యునెస్కో వారసత్వ జాబితాలో ఉంది. దాని విలువ దానిదే. కానీ అక్కడి కోట కూలింది గుహ కుంగి. ఆద్ జాతి నశించింది గాలికి. ఈ తేడా మనమే గమనించాలి. మరోవైపు జోర్డాన్‌లోని వాదీ రమ్‌లో దొరికిన ప్రాచీన శాసనాల్లో ఇరమ్ అనే పేరు ఉంది. అదే ఇరమ్ అని కొందరు పండితుల అభిప్రాయం. యమన్‌లోని హజ్రమౌత్‌లో హూద్ ప్రవక్త సమాధిగా ప్రజలు దర్శించే చోటు ఉంది. చర్చ ఇంకా ముగియలేదు.

ఆ అస్థిపంజరం సంగతి

దాదా ఫోన్‌లోని బొమ్మ గురించి మాత్రం చర్చకు తావు లేదు. 2000లో అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో, ఏనుగును పోలిన మాస్టోడాన్ అనే ప్రాచీన జంతువు ఎముకలు తవ్వుతుండగా తీసిన ఫోటో అది. 2002లో బొమ్మలు మార్చే పోటీ ఒకటి జరిగితే, ఒక చిత్రకారుడు ఆ ఫోటోలో మనిషి అస్థిపంజరాన్ని అతికించి పోటీకి పంపాడు. మోసగించాలని చేసింది కాదది, ఆట కోసం చేసింది. కొన్నాళ్ళకు ఎవరో దానికి ఆద్ జాతి కథ జోడించి పంచిపెట్టారు. అదే బొమ్మను మరికొందరు తమ పురాణాల్లోని రాక్షసులదని పంచుకున్నారు. అది కల్పితమని నేషనల్ జియోగ్రాఫిక్ 2007లోనే వివరించింది.

లెక్క వేసినా సంగతి తేలుతుంది. మనిషి ఎత్తు పదిరెట్లు పెరిగితే బరువు వెయ్యిరెట్లు పెరుగుతుంది, ఎముక మందం వల్ల వచ్చే బలం వందరెట్లే పెరుగుతుంది. అదే ఆకారంలో ఉన్న మనిషి నిలబడగానే కాళ్ళు విరుగుతాయి. ఆద్ జాతికి దేహబలం అధికంగా ఇవ్వబడిందని దివ్యఖుర్‌ఆన్ చెప్పింది. ఎన్ని అడుగులో చెప్పలేదు. చెప్పనిదాన్ని మనం ఎందుకు కొలిచి చూపించాలి?

ఇందులో నష్టమేముంది, మంచి ఉద్దేశమే కదా అని కొందరు అనవచ్చు. నష్టం ఆ ఇంటర్మీడియెట్ అబ్బాయిది. ఈ బొమ్మే రుజువని ఇవాళ అతనికి చెబుతాం. రేపు కాలేజీలో అది అతికించిన బొమ్మని తెలుస్తుంది. అప్పుడు అతని మనసులో బొమ్మ ఒక్కటే కూలదు. దాన్ని చూపించిన దాదా మాట కూలుతుంది, ఆ మాటతో ముడిపెట్టిన విశ్వాసమూ కదులుతుంది. సత్యానికి అబద్ధపు గుంజ ఆనించినవాడు సత్యానికే చెరుపు చేసినవాడు. ఎవరైనా వార్త తెస్తే ముందు విచారించుకోమని హుజురాత్ సూరా మనకు ఆదేశించింది. విన్న ప్రతి మాటనూ ఇతరులకు చేరవేయడం ఎంత చెడ్డదో దైవప్రవక్త (స) హెచ్చరించారు. భూమి మీద సంచరించి గతించిన జాతుల ముగింపు ఏమయిందో చూడమని దైవగ్రంథం పదేపదే చెబుతుంది. చూడమంది గానీ, చూడకుండానే చూశామని చెప్పమనలేదు.

ఇవన్నీ పోగుచేసుకుని, మొన్న ఆ ఇంటికి వెళ్ళాం. అబ్బాయికి రిషాత్ వలయాలు ఎలా ఏర్పడ్డాయో చెప్పాం. దాదాకు ఫోటో సంగతి మెల్లగా వివరించాం. ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. బాధపడ్డారేమో అనుకున్నాం. తరువాత కళ్ళద్దాలు పెట్టుకుని ఫోన్ మనవడి చేతికిచ్చారు.

"బేటా, దీన్ని నేను ఎవరెవరికి పంపానో చూడు. వాళ్ళందరికీ ఇది తప్పని నా పేరు మీదనే రాసి పంపు" అన్నారు.

అబ్బాయి లెక్కపెట్టాడు. నలభై ఒక్క మంది తేలారు. మేము లేచి వచ్చేసరికి ఇంకా ఇద్దరు పక్కపక్కన కూర్చుని ఒక్కొక్కరికీ పంపుతూనే ఉన్నారు.